సఫారీ బాబాయ్

బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో పదిమంది తెలుగువాళ్లు చేరినచోట ఒక సఫారీ బాబాయ్ తప్పకుండా ఉంటాడు. ఉద్యోగం చూస్తే ఆడిటరో, లెక్కల మాస్టారో, గోడౌన్ మేనేజరో అయివుంటాడు. అది పగటి వేషం. అసలు మనిషిని చూడాలంటే జులై చలిలో మోరెమి అభయారణ్యం ఉత్తరపు గేటు దగ్గర, ఖ్వాయ్ నది ఒడ్డున చూడాలి. ఒంటినిండా ఖాకీ, మెడలో బైనాక్యులర్లు, నడుముకి ఒక వేటకత్తి. ఆ కత్తి ఇంతవరకూ కోసింది ఉల్లిపాయలనే.

ఇండియా నుంచి చుట్టాలు దిగితే తప్ప ఆయనకి అడవి గుర్తుకురాదు. ఈసారి దిగింది వియ్యంకుడుగారు. ధవళేశ్వరంలో ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి, పెళ్లిలో కాఫీ చల్లారిందని అలిగిన మనిషి. ఆయన్ని మెప్పించాలంటే ఒక్క సింహం చాలదని బాబాయ్‌కి తెలుసు.

ఫ్రాన్సిస్‌టౌన్ మీదుగా మౌన్ దాకా దాదాపు 900 కిలోమీటర్లు. దారిలో పశువైద్యశాఖ గేటు దగ్గర గాలికుంటు వ్యాపించకుండా చెప్పులన్నీ మందునీళ్లలో ముంచాలి. బాబాయ్ వియ్యపురాలిగారి సూట్‌కేసులోని, పట్టుచీర మీదికి వేసుకునే చెప్పుల్ని కూడా తీయించి ముంచాడు. మౌన్‌లో బుట్టెడు కమలాలు స్వాధీనం చేసుకున్నాడు. కమలాపండు వాసనకి ఏనుగు కారునైనా చీలుస్తుందట. ప్రమాదాన్ని అడవిదాకా మోసుకెళ్లడం ఎందుకని, అన్నీ అక్కడే కూర్చుని తనే తిన్నాడు. తారురోడ్డు అయిపోగానే దిగి నాలుగు టైర్లలోనూ గాలి తీశాడు. "పంక్చరా బావగారూ?" అని కంగారుపడ్డారు వియ్యంకుడుగారు. "ఇసుకలో టైరు పరుచుకోవాలి బావగారూ, లేకపోతే కూరుకుపోతాం." ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. ఆయన చెప్పేవాటిలో సగం నిజాలే. ఏ సగమన్నదే తేలదు.

మోరెమి చరిత్ర కూడా అలాగే చెబుతాడు. విచ్చలవిడి వేటతో జంతువులు తరిగిపోతున్నాయని బతవానా ప్రజలు 1963లో తమ సొంత నేలనే అభయారణ్యంగా కేటాయించారు. ఆ సభలో కుర్చీలు వేయించింది తానే అన్నట్టుంటుంది ఆయన ధోరణి. మోరెమి ఉన్న ఒకవాంగో డెల్టా 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. "సరిగ్గా వెయ్యో పేరు మాదే బావగారూ!" అన్నాడు. ఆ 'మాదే' దగ్గర పిన్ని ఒకసారి తలెత్తి చూసి మళ్లీ వంకాయలు తరుక్కుంది.

సఫారీ బాబాయ్ జబ్బేమిటంటే, కళ్లెదుట ఉన్నది ఆయనకి ఆనదు. ఇంపాలాల మంద కనబడి వియ్యపురాలు మురిసిపోతే, "ఇవి మన పెరట్లో కోళ్లలాంటివి వదినగారూ" అంటాడు. చెట్టు కనబడితే, "పోయినసారి ఈ కొమ్మ మీదే చిరుత. మీరప్పుడు రావాల్సింది" అంటాడు. మోరెమిలో మేటి జంతువులన్నీ పోయినసారే ఉంటాయి.

సాయంత్రం కుర్చీలు వేసుకుని నదికేసి కూర్చున్నారు. అవతలి ఒడ్డున ఏనుగులు నీళ్లు తాగుతున్నాయి. వియ్యంకుడుగారి చూపు మాత్రం ఏనుగుల మీద లేదు.

"ఈ నీళ్లన్నీ ఎటు పోతాయండీ?"

"ఎటూ పోవు బావగారూ. అంగోలా కొండల్లో జనవరి, ఫిబ్రవరిల్లో కురిసిన వాన నెలల తరబడి నడిచి, ఇక్కడ చినుకు లేని రోజుల్లో వస్తుంది. కొంత ఇసుకలో ఇంకుతుంది, మిగతాది ఆవిరైపోతుంది. సముద్రం మొహమే చూడదు."

ఆయన చాలాసేపు ఊరుకుని, "పైన ఒక్క ఆనకట్ట వేసి రెండు కాలవలు తీస్తే రెండో పంటకి ఢోకా ఉండదండీ" అన్నారు. 1852లో కాటన్ దొర పూర్తిచేసిన ఆనకట్ట పక్కన జీతం తీసుకున్న మనిషి మరి. అడ్డూ ఆపూ లేకుండా వచ్చే ఈ వరదే ఇక్కడి జంతువులకి ప్రాణమని చెప్పొచ్చు. కాని వియ్యంకుడికి ఎదురు చెప్పడం కంటే మొసలికి ఎదురెళ్లడం నయం. బాబాయ్ కట్టెలు ఎగదోశాడు.

ఈ క్యాంపులకి కంచె ఉండదు. అందుకని పడుకునే ముందు బాబాయ్ శాసనాలు జారీ చేశాడు. గుడారం జిప్పు తీయకూడదు. తిండి బయట ఉంచకూడదు. చెప్పులు బయట వదలకూడదు, హైనాలు ఎత్తుకుపోతాయి. నీటిగుర్రం రాత్రి గట్టెక్కి గడ్డి మేస్తుంది, దానికీ నీటికీ మధ్య నిలబడకూడదు.

"నేను రాత్రి మూడుసార్లు లేవాలండీ," అన్నారు వియ్యంకుడుగారు. "చీకట్లో దానికీ నీటికీ మధ్య ఉన్నానో లేదో నాకెలా తెలుస్తుంది?"

దీనికి శాసనం లేదు. పిన్ని మాట్లాడకుండా మూతున్న బకెట్టొకటి గుడారంలో పెట్టి వచ్చింది. కాపలా కాయాలి కదా అని బాబాయ్ కారు టాపు మీది గుడారమెక్కి, నిచ్చెన మొదట్లో బూట్లు విప్పి, నిద్రపోయాడు.

తెల్లారేసరికి అక్కడ ఒకటే బూటుంది.

రెండోదాన్ని వెతుకుతూ ఆయన హవాయి చెప్పులతో కారు వెనక మొపానీ పొదలకేసి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే నది వైపు నుంచి మచ్చల అడవికుక్కలు వచ్చాయి. కళ్లాపి చల్లినట్టు ఒంటినిండా నలుపు, పసుపు, తెలుపు. గుండ్రటి పెద్ద చెవులు, తోక కొసన తెల్లటి కుచ్చు. ఒకటి ఆగి, పిన్ని చేతిలోని కాఫీ గ్లాసు వైపు చూసి, మిగతావాటి వెంట పరుగెత్తింది. పిన్ని తొమ్మిది లెక్కపెట్టింది. వియ్యంకుడుగారి కాఫీ చల్లారింది, ఈసారి ఆయన గమనించలేదు.

బాబాయ్ సగం నమిలిన బూటుతో తిరిగొచ్చి అంతా విన్నాడు. ఒక్క నిమిషం మొహం పాలిపోయింది. వెంటనే తేరుకున్నాడు. "తొమ్మిది కాదు, పన్నెండుంటాయి. ఈ గుంపు నాకు తెలుసు. మీరు చూసిన ముందుది ఆడది. అది కాఫీ వాసనకి ఆగలేదు వదినగారూ, గాలి వాటం చూసుకుంది."

"కాఫీ తాగుతున్నది నేను," అంది పిన్ని.

మధ్యాహ్నానికి పక్క స్థలంలో ఒక జర్మన్ జంట దిగింది. కాసేపటికే బాబాయ్ ఒక కాలికి బూటు, ఒక కాలికి హవాయి చెప్పుతో అక్కడ ప్రత్యక్షమై, పన్నెండు అడవికుక్కల్ని ఇంగ్లీషులో పరుగెత్తిస్తున్నాడు. పొద్దున్నే వచ్చి ఉండాల్సిందన్నాడు. ఆ దంపతులు ఆయన కాళ్లకేసి చూస్తున్నారు. వాళ్ల పక్కన వియ్యంకుడుగారు గొంతుక్కూర్చుని, ఇసుకలో పుల్లతో గీత గీసి, కుడికాలవ ఎటు పోవాలో వివరించడం మొదలుపెట్టారు.