మూడడుగుల నేల

వామనుడు బలి చక్రవర్తిని అడిగింది మూడడుగుల నేల. చిన్న స్థలంలో ఇల్లు కట్టేవాణ్ణి మన ప్రభుత్వం అడిగేది పక్కన ఒక్క మీటరు. అంటే మూడడుగుల మూడంగుళాలు. దేవుడికన్నా సర్కారు మూడంగుళాలు ఎక్కువే అడిగింది. కథ మాత్రం తిరగబడింది. అక్కడ అడిగినవాడు పెరిగాడు, ఇక్కడ ఇవ్వాల్సినవాడు పెరిగాడు. మొదటి అడుగు పక్క సందులో వేశాడు. రెండో అడుగు బాల్కనీ పేరుతో వీధి మీద వేశాడు. మూడో అడుగు ఎక్కడ పెట్టాలని ఎవర్నీ అడగలేదు, పెంట్‌హౌస్ కట్టి మన నెత్తినే పెట్టాడు.

ఆ కథలో శుక్రాచార్యుడు దానధారకు అడ్డుపడి, దర్భపుల్ల పోటుకు ఒక కన్ను పోగొట్టుకున్నాడు. ఈ కథలోనూ శుక్రాచార్యులున్నారు. వాళ్లకు రెండు కళ్లూ నిక్షేపంగా ఉన్నాయి. పునాది తవ్వేటప్పుడు ఒకటి, స్లాబు వేసేటప్పుడు రెండోది మూసుకుంటారు. గృహప్రవేశం భోజనాలకు రెండూ తెరుస్తారు.

రెండు భవనాల మధ్య వదలాల్సిన ఆ జాగాకు కాగితం మీద పేరు సెట్‌బ్యాక్, జనం నోట్లో సందు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168లో దానికో పట్టికే ఉంది. స్థలం పెరిగేకొద్దీ, ఎత్తు పెరిగేకొద్దీ వదిలే జాగా కూడా పెరగాలి. 18 మీటర్లు దాటిన భవనానికైతే చుట్టూ కనీసం 7 మీటర్లు. గాలి రావాలని, వెలుతురు రావాలని, నిప్పంటుకుంటే ఫైరింజన్ రావాలని. కట్టేవాడు మాట తప్పకుండా, కట్టే దాంట్లో పదో వంతు మునిసిపాలిటీకి తాకట్టు పెట్టించుకునే ఏర్పాటు కూడా ఉంది. ప్లాను ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే ఆ తాకట్టు విడుదల. రూలు చదివితే కళ్లకద్దుకోవాలనిపిస్తుంది. సందులోకి వెళితే ముక్కు మూసుకోవాలనిపిస్తుంది.

లెక్క ప్రకారం నా వైపు మూడడుగులు, పక్కాయన వైపు మూడడుగులు, వెరసి ఆరడుగుల సందు. నేల మీద అది నాలుగవుతుంది. మొదటి అంతస్తులో సజ్జా వస్తుంది, మూడవుతుంది. సజ్జా మీద గ్రిల్లు, గ్రిల్లు మీద రేకు, రేకు కింద వాషింగ్ మెషీను. మూడో అంతస్తుకెళ్లేసరికి రెండిళ్లూ కలిసి ఉమ్మడి కుటుంబమైపోతాయి. పక్కింటి కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టి మనం మన స్టవ్ కట్టేస్తాం. వాళ్లాయన తుమ్మితే మనావిడ చిరంజీవ అంటుంది. కరివేపాకు కావాలంటే తలుపు తట్టక్కర్లేదు, కిటికీలోంచి చెయ్యి చాపితే చాలు. ఉమ్మడి కుటుంబాలు విచ్ఛిన్నమైపోయాయని కుమిలిపోయే వక్తలు ఒకసారి మా సందుకొచ్చి చూడాలి.

మొన్న ఓపిక చేసుకుని మా అపార్ట్‌మెంటు సందులో ఏమేమున్నాయో రాసుకున్నాను. పగిలిన కమోడ్ ఒకటి. రెండేళ్ల కిందటి వినాయకుడి పందిరి వెదురుగడలు. ఎవరిదో వ్యాయామం సైకిలు, కొన్నవాడి పొట్టతో పాటు తుప్పూ పెరిగింది. తెల్లారకముందే ఆకాశం నుంచి రాలే డైపర్లు. పై అంతస్తులవాళ్లను అడిగితే మా ఇంట్లో పసిపిల్లలే లేరన్నారు. ఒక గోనెసంచి నిండా బీరు సీసాలు. అసోసియేషన్ మీటింగులో విచారిస్తే మా అపార్ట్‌మెంటులో తాగేవాడు ఒక్కడూ లేడని తేలింది. పుణ్యపురుషుల మధ్య ఉంటున్నందుకు నాకు కళ్లు చెమర్చాయి. ఇక ఏసీల వేడి, పైపుల చెమ్మ, పావురాల రెట్ట సరేసరి. వీటన్నిటికీ కలిపి ఆ మీటింగులో ఒకే తీర్మానం చేశారు: సందువైపు కిటికీలు మూసి ఉంచుకోవాలి.

సందును మింగడం ఒక కళ అయితే, మింగినదాన్ని అరిగించుకోవడం ఇంకో కళ. దానికి ప్రభుత్వం దగ్గర చూర్ణం ఉంది. 2007 డిసెంబరులో ఉమ్మడి రాష్ట్రం బీపీఎస్ అనే స్కీము తెచ్చింది. 1985 మొదలు 2007 డిసెంబరు 15 దాకా కట్టిన అక్రమాలకు డబ్బు కడితే పుణ్యాహవచనం. ఒక్కసారికే అన్నారు. తర్వాత రాష్ట్రం రెండైంది. నీళ్ల దగ్గర, ఉద్యోగాల దగ్గర, ఆస్తుల దగ్గర తగువు పడ్డ అన్నదమ్ములు సందు దగ్గర మాత్రం ఒక తల్లి బిడ్డలే అనిపించుకున్నారు. 2015లో ఆంధ్రప్రదేశ్ ఇంకో బీపీఎస్ తెచ్చింది. అదే ఏడాది తెలంగాణ బీఆర్‌ఎస్ తెచ్చింది, పార్టీ కాదు, స్కీము. గడువు 2015 అక్టోబరు 28 దాకా జరిగింది. అది హైకోర్టు మెట్ల దగ్గర ఆగింది గానీ, 2019లో ఆంధ్రప్రదేశ్ మరోసారి చూర్ణం పంచింది. ఆషాఢం సేల్ బోర్డు మీద ‘ఆఖరి మూడు రోజులు’ అని ఉంటుంది చూడండి, శ్రావణం వచ్చినా తీయరు. అలాంటి ఆఖరి అవకాశాలివి. చీరల కొట్టువాడు తన సరుకు తను అమ్ముకుంటాడు. ఇక్కడ అమ్మింది మన గాలి, మన వెలుతురు. రూలు ప్రకారం మీటరు వదిలి, ఆ మేరకు గది ఇరుకు చేసుకున్న అమాయకుడికి మాత్రం ఏ స్కీములోనూ ఒక్క రూపాయి వెనక్కి రాలేదు.

మింగగా మిగిలిన సందుకు ఇప్పుడు అందం చేస్తున్నారు. ముందుగా దానికి గౌరవప్రదమైన పేరు కావాలి. చెత్తకుప్ప అనకూడదు, జీవీపీ అనాలి. గార్బేజ్ వల్నరబుల్ పాయింట్. అంటే చెత్త తనకు తానుగా వచ్చి పడే బలహీనత ఉన్న చోటు. వేసేవాడి ప్రస్తావన పేరులో ఎక్కడా రాకుండా ఎంత జాగ్రత్త పడ్డారో చూడండి! తర్వాత చెత్త ఎత్తి, అక్కడ ముగ్గు వేస్తారు. ముగ్గు మీద చెత్త వేయడానికి మనవాళ్లకు మనసొప్పదని నమ్మకం. నిజమే, ముగ్గు పక్కన వేస్తారు. గోడకు దేవుళ్ల బొమ్మల టైల్స్ అతికిస్తారు. వెంకటేశ్వరస్వామి, ఏసుప్రభువు, మక్కా మసీదు పక్కపక్కనే నిలబడి మూత్రవిసర్జన నివారణ డ్యూటీ చేస్తుంటారు, జీతం లేకుండా, షిఫ్టు మారకుండా. మతసామరస్యం మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లు అది చూస్తే చాలు.

నిధులు ఇంకాస్త మిగిలితే నేలకు టైల్స్, గోడకు చేపల బొమ్మలు, పాత టైర్లకు రంగులు, టైర్లలో మొక్కలు, ఒక సిమెంటు బెంచీ, దాని మీద బెంచీకన్నా పెద్దగా రాసిన దాత పేరు. రిబ్బను కత్తిరిస్తారు, ఫొటో దిగుతారు. మొక్కకు నీళ్లెవరు పోయాలో ఎస్టిమేటులో ఉండదు కనుక మొక్క పోతుంది, టైరు ఉంటుంది. టైర్లో వాననీరు నిలుస్తుంది, అందులో డెంగీ దోమ కాపురం పెడుతుంది. మొత్తానికి చచ్చిన సందులో ప్రాణం పోశారు, కాకపోతే అది దోమ ప్రాణం.

ఇలాంటి చోట సాధారణంగా స్టడీ టూర్ ఆలోచన పుడుతుంది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరం సందులకు ప్రసిద్ధి. ఒకప్పుడు అవి ఇళ్లవెనక, దుకాణాలవెనక మలం ఎత్తుకుపోయే బళ్లు తిరిగిన సందులు. మనకూ ఉన్నాయి అలాంటివి. పాత పట్టణాల్లో ఇళ్లవెనక, మనుషుల చేత మలం ఎత్తించడానికే వదిలిన సందులు. ఆ సందుకు మా నాయనమ్మ కాలంలో ఒక కులాన్ని కించపరిచే పేరుండేది, ఇప్పుడు ఆ మాట అనకూడదు, అనక్కర్లేదు కూడా. మలం ఒకటే, సందు ఒకటే, దారులే వేరయ్యాయి. భూగర్భ డ్రైనేజీ వచ్చాక మెల్‌బోర్న్‌వాళ్లు తమ సందుల్లోకి కాఫీ హోటళ్లు రానిచ్చారు, కుర్చీలు వేయనిచ్చారు, గోడల మీద బొమ్మలు గీయనిచ్చారు. 1994లో యాన్ గేల్ అనే డెన్మార్క్ వాస్తుశిల్పితో కలిసి ఆ నగరం తన వీధుల్లో మనుషులు ఎక్కడ నడుస్తున్నారు, ఎక్కడ నిలబడుతున్నారు అని కూర్చుని లెక్కపెట్టింది. మనం కూడా లెక్కపెట్టాం. ఇళ్లవెనక సందు ఎన్ని గజాలొస్తుందని లెక్కపెట్టి, ఇటు సగం అటు సగం కలిపేసుకున్నాం. ఆ సందులో నడిచినవాణ్ణి ఇంటి ముందుకు రానివ్వని మనం, వాడు నడిచిన నేలను మాత్రం వంటగదిలో కలుపుకున్నాం. మడి ఎక్కడా చెడలేదు.

న్యూయార్క్‌లో 53వ వీధిలో రెండు భవనాల మధ్య పేలీ పార్క్ అని ఒకటుంది. 42 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతు. మన లెక్కలో 466 గజాలు. స్టోర్క్ క్లబ్ అనే పేరుమోసిన నైట్‌క్లబ్ ఉన్న చోట, సీబీఎస్ అధిపతి విలియం పేలీ తన తండ్రి జ్ఞాపకార్థం 1967లో కట్టించాడు. చివర గోడంతా 20 అడుగుల జలపాతం, నీడకు చెట్లు, ఎటు కావాలంటే అటు జరుపుకునే కుర్చీలు. అంతే. ఇప్పుడు మన ఊళ్లో మెయిన్ రోడ్డు మీద 466 గజాల బిట్టు ఊహించుకోండి. స్టిల్ట్ ప్లస్ ఫైవ్, పైన పెంట్‌హౌస్, స్టిల్టులో కార్ల బదులు మొబైల్ షాపులు, సందులో జనరేటరు. మనవాడికీ తండ్రి మీద ప్రేమ తక్కువేం కాదు. కాంప్లెక్సుకు ఆయన పేరే పెడతాడు. నైట్‌క్లబ్ తీసి పార్కు పెట్టినవాడు మాత్రం మన రియల్ ఎస్టేట్ లెక్కల్లో పిచ్చివాడు.

నిజానికి అంత దూరం పోనక్కర్లేదు. మా వీధి చివర రెండు భవనాల మధ్య ఎవరి కన్నూ పడని ఒక మూల ఉండేది. ఒక ఇస్త్రీ ఆయన అక్కడ బల్ల వేసుకున్నాడు. పైన టార్పాలిన్, పక్కన నీళ్లకుండ, పొద్దున్నే ఊడ్చి కళ్లాపి. ఆయన ఉన్న ఎనిమిదేళ్లూ అక్కడ ఒక్క చెత్త సంచీ పడలేదు. వేద్దామని వచ్చినవాడు కూడా ఆయన తలెత్తి చూసేసరికి, వాకింగుకి వచ్చినట్టు నటించి వెళ్లిపోయేవాడు. కొరియరు కుర్రాళ్లు పార్సిళ్లు ఆయనకే ఇచ్చేవారు, బడి వ్యాను కోసం పిల్లలు ఆయన నీడలోనే నిలబడేవారు. గోడకు బొమ్మ లేదు, దేవుడు లేడు, ముగ్గు లేదు. ఒక మనిషి ఉన్నాడు, అంతే. అంతలో సుందరీకరణ వచ్చింది. మొదటి పనిగా ఆయన్ని లేపేశారు. వీధి వ్యాపారులను కాపాడటానికి 2014లో పార్లమెంటు చేసిన చట్టం ఒకటుందని ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. గోడకు నెమలి వేశారు. ఇప్పుడు ఆ నెమలి మెడ దాకా చెత్తలో ఉంది.

నవ్వింది చాలు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక పాత భవనానికి నిప్పంటుకుంది. 17 మంది చనిపోయారు, పసిపిల్లలు కూడా. లోపలికైనా బయటికైనా ఉన్నది ఒకటే ఇరుకు దారి. మంటకు మన సజ్జాలతో, స్కీములతో, ఆఖరి అవకాశాలతో పని లేదు. అది పొగై వచ్చి, ఎక్కడ దారి లేదో అక్కడే మనిషిని పట్టుకుంటుంది. డబ్బు కట్టి క్రమబద్ధం చేసుకున్న సందులో కూడా ఫైరింజన్ పట్టదు.

కాబట్టి సందులకు పునర్జన్మ అని నిధులు, నివేదికలు, టూర్లు ఏమీ వద్దు. మింగింది కక్కించండి, లేదంటే కనీసం ఇకముందు మింగనివ్వకండి. మిగిలినదాన్ని ఊడ్చేవాడికి, కుట్టేవాడికి, టీ కాచేవాడికి వదలండి. నెమలిని పీకి ఆ ఇస్త్రీ ఆయన బల్ల తిరిగి వేయించండి. పాఠకులు కూడా ఇదంతా చదివి బిల్డరును, మునిసిపాలిటీని తిట్టుకుని పేజీ తిప్పేయకుండా, ఈ ఆదివారం ఒక టేపు పట్టుకుని కిందికి దిగండి. గోడ నుంచి కాంపౌండ్ గోడ దాకా కొలవండి. తర్వాత మంజూరైన ప్లాను తీసి చూడండి.

నేను కొలిచాను. ప్లానులో మా సందు ఆరున్నర అడుగులు. టేపులో రెండడుగుల నాలుగంగుళాలు. తేడా నాలుగడుగుల రెండంగుళాలు. అది ఎక్కడికి పోయిందో వెతుక్కుంటూ పైకొచ్చాను. సందువైపు ఉన్నది నా పడకగది. మంచం వెడల్పు కొలిస్తే సరిగ్గా నాలుగడుగులు.