గ్రూపు తాళం తీయండి సార్!

మహారాజశ్రీ మా కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షులవారి దివ్య సముఖమునకు రామంతాపూర్ వాస్తవ్యురాలను, మూడో వీధి సభ్యురాలను, నెలనెలా మెయింటెనెన్స్ తప్పక కట్టుదానను సవినయముగా వ్రాసుకొను విన్నపము.

మొన్న ఆదివారం రాత్రి పదిన్నరకు, కాలనీ అంతా అన్నాలు తిని ఫోన్లు పట్టుకునే శుభఘడియలో, తమరు వాట్సాప్ గ్రూపులో పెట్టిన ప్రకటన చదివి తరించాము. సభ్యుల మధ్య సుహృద్భావం దృష్ట్యా ఈ ఏడు పిక్నిక్ రామోజీ ఫిల్మ్ సిటీకీ కాదు, వండర్‌లాకూ కాదు, సంఘీ గుడికి అని సెలవిచ్చారు. కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఆ బొమ్మ కింద ఇంకో వాక్యం వచ్చింది: ఇకమీదట అడ్మిన్లు మాత్రమే మెసేజ్‌లు పంపగలరు.

తమరి రాజనీతికి జోహార్లు. నిర్ణయం చెప్పడం, నమస్కారం పెట్టడం, నోళ్లకు తాళం వేయడం, మూడు పనులూ నిమిషంలో ముగించారు. ఇంతటి చురుకుదనం రెండో వీధి లైటు విషయంలో ఎన్నడూ చూడని మేము...

ఏంది సార్ ఇది? మేమేమన్న చిన్నపిల్లలమా? పిక్నిక్ ఎక్కడికని అడిగితే నోరు నొక్కుతరా? గ్రూపులో రాయనిస్తే ఈ నాలుగు ముక్కలూ అక్కడే రాసేదాన్ని. రాయనివ్వలేదు కాబట్టి ఊరందరి ముందూ రాస్తున్నా.

స్వామి మీద మాకు కోపం లేదు. ఆ గుట్ట మీది వేంకటేశ్వరుడికి ఎన్నిసార్లయినా మొక్కుతాం. తొంభైల్లో ఎన్ని సినిమా పాటలు ఆ గోపురం ముందు తీశారో మా తరానికి వేరే చెప్పక్కర్లేదు. కానీ ఫిల్మ్ సిటీకి అంత దగ్గరలో బస్సు ఆపి, పులిహోర పొట్లం చేతిలో పెట్టి, అటు చూడొద్దంటే ఎట్లా? మేం విజయవాడ హైవే మీద ఫిల్మ్ సిటీ బోర్డులు చూసి ఏడవాలి. వండర్‌లా పిల్లలు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు చూసి ఏడవాలి. రెండు పార్టీలనూ సమానంగా ఏడిపించడమే సుహృద్భావమైతే, దండం సార్.

ఈ నిర్ణయం చేసిన మీ మీటింగుకు పదకొండు మంది వచ్చారని మినిట్స్‌లో రాశారు. అందులో ఏడుగురు మీ కార్యవర్గమే. మిగతా నలుగురు నీళ్ల ట్యాంకర్ సంగతి అడగడానికి వచ్చినవాళ్లు. ట్యాంకర్ మాట తేలలేదు గానీ పిక్నిక్ మాత్రం తేలిపోయింది.

పిక్నిక్ ఎక్కడికని ఏటా ఓటింగ్ పెట్టుకునే మా గొడవ ఏమిటో మీకు తెలియనిది కాదు. ఫిల్మ్ సిటీ కావాలనే మాది పచ్చడి పార్టీ, వండర్‌లా కావాలనేవాళ్లది స్టెబిలైజర్ పార్టీ. ఫిల్మ్ సిటీ పెట్టిన రామోజీరావు ప్రియా పచ్చళ్లు కూడా అమ్మారు కదా, అందుకని పిల్లలు మాకు పెట్టిన పేరది. ఊరుకుంటామా? వండర్‌లా వాళ్ల మూలాలు తవ్వాం. కేరళలో వీ-గార్డ్ స్టెబిలైజర్లు చేసే ఆసామి 2000లో కొచ్చి దగ్గర వీగాలాండ్ పేరుతో మొదలుపెట్టాడు. తరవాత బెంగళూరు, 2016లో మన రావిర్యాల. కరెంటును నిలకడగా ఉంచే మనిషి, మనుషుల నిలకడ తప్పించడానికి పార్కు పెట్టాడని మేం పోస్టర్ వేశాం. ఆ పోస్టర్‌కు ఆ పార్టీవాళ్లే లైకులు కొట్టారు. కాలనీలో ఇంత హాయిగా జరిగే యుద్ధం ఇంకోటి ఉందా చెప్పండి?

మా వాదన మళ్లీ వినిపిస్తాను, మీకు ఇప్పుడు వినక తప్పదు. 1996లో మొదలైంది ఫిల్మ్ సిటీ. 1,666 ఎకరాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో ప్రాంగణంగా గిన్నిస్‌లోకి ఎక్కింది. మొత్తం అక్కడే తీసిన తొలి సినిమా 1997లో వచ్చిన 'మా నాన్నకు పెళ్లి'. 'బాహుబలి' మాహిష్మతి అక్కడే లేచింది. దూరదర్శన్ స్టూడియోకు నడిచిపోయేంత దూరంలో ఉంటూ, తార్నాక ఆరాధన థియేటర్లో సినిమాలు చూసి పెరిగిన మాకు, ఒకే భవనం ముందునుంచి ఒక ఊరూ వెనకనుంచి ఇంకో ఊరూ అయిపోవడం చూస్తే కలిగే సంబరం ఏ రోలర్ కోస్టర్‌లో వస్తుంది? సినిమాలో హీరోయిన్ ఏడ్చిన రైల్వే స్టేషన్‌కు రైలే రాదని తెలిసి నవ్వుకోవడం ఇంకెక్కడ కుదురుతుంది? అక్కడ జనంలోంచి ఒకావిడను పిలిచి టాంగా ఎక్కించి, షోలే బసంతిలా కేకలు వేయించి, సినిమా ఎట్లా తీస్తారో చూపిస్తారు. మా ఐదో వీధి మామ్మగారు ఆ బసంతి వేషం కోసం ముందు వరసలో చెయ్యెత్తుకుని కూర్చుంటారు. వాళ్లు ఎప్పుడూ కుర్రపిల్లనే పిలుస్తారు. ఆవిడ చెయ్యి దించరు.

అవతలి వాళ్ల వాదన కూడా చెప్తాను, లేకపోతే మా అబ్బాయి ఇంట్లో అన్నం తినడు. వాడు స్టెబిలైజర్ పార్టీ యువజన విభాగం. సినిమాలో చూసేసిన సెట్టింగు మళ్లీ ఎండలో బస్సెక్కి చూడటమెందుకమ్మా అంటాడు. వండర్‌లాలో రికాయిల్ అనే రోలర్ కోస్టర్ ఎక్కితే తల కిందికీ కాళ్లు పైకీ అయ్యి, మళ్లీ అదే దారిన వెనక్కి లాగుతుందట. అది అనుభవమట, మాది మ్యూజియమట. కథ లేని కేకలెందుకురా అంటే, కేకలే కథ అంటాడు. చేనేత చీరతో నీళ్లలోకి దిగనివ్వరు, నైలాను బట్టలే కట్టాలంటారు, నేనెందుకొస్తానురా అంటే, మాహిష్మతికి మాత్రం హై హీల్స్‌తో పోయి కాళ్లు బొబ్బలెక్కించుకోలేదా అంటాడు. మా ఆయన ఏ పార్టీ కాదు. రెండు చోట్లా పార్కింగ్ దగ్గర నీడ ఉందా అని మాత్రమే అడుగుతారు.

ఇదీ సార్ మా వైషమ్యం. ఇందులో మీకు భయపడాల్సింది ఏం కనిపించింది?

మీటింగులో మీరన్న మాట నాకు చేరింది. అభిమానం ముదిరితే ఏమవుతుందో సంధ్య థియేటర్ దగ్గర చూడలేదా అన్నారట. ఆ మాట వెనక్కి తీసుకోండి. 2024 డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. ఆమె పిల్లాడు ఆసుపత్రి పాలయ్యాడు. ఆ కుటుంబం కష్టాన్ని తెచ్చి మా పిక్నిక్ ఓటింగ్ మీద కప్పుతారా? సుదర్శన్ థియేటర్ ముందు ఒక హీరో వాళ్లు, సంధ్య ముందు ఇంకో హీరో వాళ్లు కటౌట్ల ఎత్తు చూసుకుని తిట్టుకోవడం చూశాం, పాలాభిషేకాలు చూశాం. మేం ఏ కటౌట్ చింపాం? ఎవరి మీద రాయి వేశాం? మా పోరులో ఒలికిన పాలు లేవు, చాయ్ ఒక్కటే. అదీ కమ్యూనిటీ హాల్లో, మా డబ్బులతోనే. ఆ చాయ్‌కు మీరు రసీదు కూడా ఇవ్వలేదు.

ప్రపంచంలో ఇట్లా కొట్టుకునేవాళ్లం మేమొక్కళ్లమే కాదు. నాలుగో వీధి పంతులుగారి పెద్దబ్బాయి ఆర్లండోలో ఉంటాడు. అక్కడి తెలుగువాళ్ల ఇళ్లలోనూ డిస్నీ పార్టీ, యూనివర్సల్ పార్టీ ఉన్నాయట. డిస్నీ అక్కడ 1971లోనే పాతుకుపోయింది. యూనివర్సల్ వాళ్లు సినిమా స్టూడియో పార్కుతో వస్తున్నారని తెలిసి, 1989లో తనే ముందుగా ఒక స్టూడియో పార్కు తెరిచేసింది. యూనివర్సల్ 1990లో తెరిచింది. 2010లో ఇటు హ్యారీ పోటర్ ఊరు లేచింది. 2019లో అటు స్టార్ వార్స్ ఊరు లేచింది. 2025 మేలో యూనివర్సల్ 'ఎపిక్ యూనివర్స్' అని ఏకంగా ఇంకో పార్కే తెరిచింది. మధ్యలో తమాషా ఏమిటంటే, 2009లో మార్వెల్ కంపెనీని డిస్నీ కొనేసింది. అయినా అంతకుముందటి ఒప్పందం పుణ్యమా అని మార్వెల్ హీరో హల్క్ మాత్రం యూనివర్సల్ పార్కులోనే ఉన్నాడు, మన అల్లుడు పక్కింట్లో కాపురం పెట్టినట్టు. ఒకళ్లు కోట కడితే ఇంకొకళ్లు ఊరు కట్టారు, చూసేవాళ్లు బాగుపడ్డారు. పోటీ ఎందుకు, అందరూ గుడికి పొండి అని అక్కడ ఎవరూ గ్రూపు మూసేయలేదు.

అంతదూరం ఎందుకు, బెంగళూరులో మా చెల్లెలు వాళ్లను అడగండి. వండర్‌లా బిడదిలోనే, ఇన్నోవేటివ్ ఫిల్మ్ సిటీ అని పెట్టిందీ బిడదిలోనే. ఒకే మైసూరు రోడ్డు మీద రెండూ ఏళ్ల తరబడి పడి ఉండేవి. మన కాలనీలో ఒకే గ్రూపులో పడి ఉండలేమా?

నేను పనిచేసేది ఓయూ క్యాంపస్‌లో. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పేటప్పుడు మా వాళ్లు అడుగుతున్నారు: ఏం మేడమ్, ఈసారి ఎవరు గెలిచారు? ఏం చెప్పను? ఎవరూ గెలవలేదు, అధ్యక్షులవారు గెలిచారని చెప్పనా?

సరే, కోపం పక్కన పెడుతున్నా. మీరు పెద్దవారు. సంఘం పనులు జీతం లేకుండా చేస్తున్నారు, ఆ సంగతి ఎవరం కాదనం. కానీ ఒక్క మాట ఆలోచించండి. మన కాలనీలో పక్కింటివాళ్లు పక్కింటివాళ్లతో మాట్లాడేది ఎప్పుడు? డ్రైనేజీ పొంగినప్పుడు, కారు గేటుకు అడ్డం పెట్టినప్పుడు. అవి నిజమైన గొడవలు, వాటిలో మొహాలు మాడిపోతాయి. పిక్నిక్ ఓటింగ్ వారం మాత్రమే అందరూ నవ్వుతూ పోట్లాడుకునే వారం. ఐదో వీధి మామ్మగారు చేతికర్రతో ఇల్లిల్లూ తిరిగి ఫిల్మ్ సిటీకి ఓటు అడుగుతారు. ఏడాదిలో ఆవిడ రెండు వీధులు దాటేది ఆ వారమే. ఆరో వీధి కుర్రాడు, తండ్రితో మాట్లాడనివాడు, ఆ వారం తండ్రికి ఎదురు పార్టీ ఏజెంటుగా నిలబడి గంటసేపు వాదిస్తాడు. ఏం వాదిస్తేనేం సార్, మాట్లాడతాడు. మా ఇంట్లో మాత్రం? వాడి కాలేజీ, వాడి ఫోను, వాడి గది. నాతో పొడుగ్గా మాట్లాడేది రికాయిల్ గురించే. మీరు ఆపింది పిక్నిక్ గొడవ అనుకుంటున్నారు. ఈ మాటలు కూడా ఆగిపోయాయి.

నిన్న సాయంత్రం మామ్మగారు గేటు దగ్గర ఆపి, ఈ ఏడు ఓట్లు లేవటగా అమ్మా అని అడిగారు. లేవని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అధ్యక్షులవారితో మాట్లాడుతున్నాం అన్నాను. మాట్లాడండి సార్. దయచేసి మాట్లాడండి.

మేం అడిగేవి పెద్ద కోరికలు కావు. గ్రూపు తెరవండి. ఓటింగ్ పెట్టండి. పోస్టర్లలో బూతు రాకుండా మేమే చూసుకుంటాం, రెండు పార్టీల నుంచీ ఒక్కొక్కరిని పూచీ పెడతాం. రాత్రి పదకొండు తరవాత మెసేజ్‌లు వద్దంటే మానేస్తాం. సంఘీ గుడి మీ మొక్కయితే అదీ జాబితాలో పెట్టండి, మూడో పార్టీగా మీరే నిలబడండి. డిపాజిట్ దక్కేలా మూడో వీధి నుంచి రెండు ఓట్లు నేనే వేయిస్తా.

మేం ఓడిపోతే వండర్‌లాకే వస్తాం. నైలాను చీర కొనుక్కుంటాం. రికాయిల్ ఎక్కమంటే కళ్లు మూసుకుని ఎక్కుతాం. కాకపోతే రామంతాపూర్ నుంచి రావిర్యాల దాకా, ఉప్పల్, నాగోల్, ఎల్‌బీ నగర్ పొడుగునా, ఫిల్మ్ సిటీ ఎంత గొప్పదో చెప్పి వాళ్ల చెవులు తినేస్తాం. గెలిచినవాళ్లు వెక్కిరిస్తారు, ఓడినవాళ్లం సణుగుతాం. ఆ సణుగుడు మా హక్కు, దాన్ని మాత్రం మా దగ్గరనుంచి తీసుకోకండి.

ఇట్లు,
మీ విధేయురాలు,
పచ్చడి పార్టీ, మూడో వీధి శాఖ

తా.క.: పోయిన పిక్నిక్‌లో బస్సు టీవీలో పోతూ వస్తూ మీ పెన్‌డ్రైవ్‌లోని ప్రవచనాలే వేశారు. బస్సులో ఏ సినిమా వేయాలన్నదానికి కూడా ఓటింగ్ పెట్టగలరు. దాని మీద మాకు ఇంకా పెద్ద గొడవ ఉంది.