తప్పంతా నీళ్లదే

పిడుగురాళ్లలో కొత్తగా కాపురం పెట్టినవాళ్ల మీద ముందుగా తిరగబడేది కందిపప్పు. కుక్కరు ఎన్ని విజిళ్లు వేసినా లోపల బద్దలు బద్దలుగానే ఉంటుంది. గరిటెతో ఎనపబోతే పక్కకి తప్పుకుంటుంది. మా ఆవిడది కోనసీమ. గోదావరి కాలువ నీళ్లలో పప్పు పొయ్యి మీద పడేసి పెరట్లోకెళ్లి వచ్చేసరికి మెదిగిపోయే ఇంట్లో పుట్టింది. కాపురం చూడ్డానికొచ్చిన మా అత్తగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలి, "అల్లుడుగారూ, కందిపప్పు ఏ కొట్లో తెత్తారండీ? కొట్టు మార్చెయ్యండి" అన్నారు. పెద్దావిడ మాట కాదనలేక మార్చాం. అలా వరసగా బజారంతా మార్చాం. పాపం, కొట్లవాళ్లేం చేస్తారు? నీళ్లలో ఉన్న కాల్షియం పప్పుబద్దలోని పెక్టిన్‌ని పట్టుకుని బిగించేస్తుంది. ఇక అది మెదగమన్నా మెదగదు. చిటికెడు తినే సోడా వేస్తే లొంగుతుంది గానీ, రుచి కూడా దాంతోపాటే లొంగిపోతుంది.

ఇంత కాల్షియం ఎక్కణ్ణుంచి వస్తోందని మా ఊళ్లో ఎవరూ అడగరు. చుట్టూ ఉన్నది సున్నపురాయే. రెండు వేల ఏళ్ల నాడు అమరావతి స్తూపానికి శిల్పాలు చెక్కింది ఈ పల్నాటి రాయి మీదే. వాటిలో కొన్ని లండన్‌లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి, కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. మిగిలిన రాయి బోరులోంచి మా ఇళ్లకొస్తోంది. వాన నీరు నేలలోకి ఇంకుతూ బొగ్గుపులుసు వాయువుని కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ పులుపుకి సున్నపురాయి కరిగి బైకార్బనేటై నీళ్లలో దాక్కుంటుంది. చెంబులో పట్టి చూస్తే తేటగా ఉంటాయి, ఏ పాపం ఎరగనట్టు. పొయ్యి మీద పెట్టామా, వాయువు లేచిపోతుంది, రాయి మళ్లీ రాయవుతుంది. అంచేత మా ఊళ్లో పరిశ్రమలు రెండు. ఊరి చివర బట్టీల్లో రాయిని కాల్చి సున్నం చేస్తారు. ఇళ్లలో గీజర్లు నీళ్లు కాచి రాయి చేస్తాయి. మొదటిదాంట్లో నాలుగు డబ్బులున్నాయి.

కిందటి కార్తీకంలో మా గీజరు పని మానేసింది. మెకానిక్కు కుర్రాడొచ్చి, కింద బకెట్టు పెట్టుకుని, బోల్టులు విప్పి కాయిలు బయటికి లాగాడు. సన్నటి కాయిలు కాస్తా, పిండి సాపుగా పట్టేసిన జంతికలా ఉంది. దాని వెనకే పెంకులు పెంకులుగా అర బకెట్టు రాయి గలగలా రాలింది. కుర్రాడు స్క్రూడ్రైవరుతో కాయిలు మీద టకటకా కొట్టి చూపించి, "సార్, మీరు ఇన్నాళ్లూ ముందు దీన్ని కాగబెడుతున్నారు. ఇది కాగాక, దీని దయ ఉంటే నీళ్లు కాగుతున్నాయి" అన్నాడు. మా కరెంటు బిల్లు చరిత్రంతా ఆ ఒక్క ముక్కలో వచ్చేసింది. రాయి పారబోయబోతుంటే మా ఆవిడ ఆపి, ముగ్గులోకి పనికొస్తుందంది. పనికొచ్చింది కూడా.

ఇంట్లో నీళ్లకి అంతస్తులున్నాయి. రోజు విడిచి రోజు కుళాయిలో వచ్చే సాగర్ కాలువ నీళ్లు పప్పుకి, తలంట్లకి. క్యాను నీళ్లు తాగడానికి. బోరు నీళ్లు స్నానాలకి, అంట్లకి, బట్టలకి, పిలవకుండా వచ్చినవాళ్ల టీకి. ఈ నీళ్లలో సబ్బు నురగ కట్టదు, విరిగిపోతుంది. కాల్షియంతో కలిసి జిడ్డు తెట్టు కట్టి బకెట్టు అంచునా మన మోచేతులకీ అంటుకుంటుంది. నీళ్లలోని కాల్షియమంతా తీరాక గానీ సబ్బు మనవైపు తిరిగి చూడదు. అంటే సబ్బుబిళ్లలో సగం నీళ్ల స్నానానికే పోతోంది. బట్టల సోడా కలిపి, తెట్టు దిగాక, ఆ పైతేటలో ఉతికితే ఖర్చు తగ్గుతుందని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. వాషింగ్ మెషీనుకి అంత ఓపిక లేదు.

ఇంతవరకూ తప్పు నీళ్లదే. కానీ మా ఊళ్లో నీళ్ల మీద నడిచే కేసుల్లో ఇవి చాలా చిన్నవి.

మా బాబాయి బట్టతలకి బోరే కారణమని మా వంశమంతా నమ్ముతుంది. బోరు వేయించేనాటికి ఆయనకి యాభై దాటాయి. బట్టతల ఆయన పెళ్లిఫొటోలోనే ఉంది. ఆయన కొడుకు మొన్న దాచేపల్లిలో పిల్లని చూడ్డానికెళ్లి, ఎవరూ అడక్కుండానే తల తడుముకుని "మా ఊరి నీళ్లండీ" అన్నాడు. పిల్ల తండ్రి కూడా తన తల తడుముకుని "మా ఊళ్లోనూ అవేనయ్యా" అన్నాడు. సంబంధం కుదిరిపోయింది. ఈ నీళ్లకి వెంట్రుకలు గరుకెక్కి చిక్కులు పడతాయి, నిజమే. బట్టతల తెప్పిస్తాయనడానికి మాత్రం గట్టి రుజువు లేదు. ఆ మాట మా ఇంట్లో అంటే నాకు భోజనం ఉండదు.

కిడ్నీ రాళ్ల విషయంలో మరీ అన్యాయం. బోరులో రాయి, గీజరులో రాయి, కాబట్టి ఒంట్లోనూ అదే రాయి అని లెక్క కట్టేశారు. గీజరులోది కార్బనేటు. కిడ్నీలో పుట్టేది ఎక్కువగా ఆక్సలేటు. చాలినన్ని నీళ్లు తాగకపోవడం పెద్ద కారణమని డాక్టర్లు మొత్తుకుంటారు. ఎండాకాలం వార్తల్లో పేరు మోగిపోయే రెంటచింతల మా జిల్లాదే. ఆ ఎండకి చెమటోడ్చి, నీళ్లు మంచివి కావని గుక్కెడుతో సరిపెట్టుకుని, చివరికి రాయి తెచ్చుకుని, దాన్ని నీళ్ల ఖాతాలోనే రాసే మహానుభావులు మా వీధిలోనే ఉన్నారు. తాగునీటి కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా పరవాలేదని మన దేశ ప్రమాణాల్లో రాసి ఉంది. మేము ఆ రెండో ముక్కలో బతుకుతున్నాం.

ఈ భయాల మీద వ్యాపారం చేసుకునేవాళ్లూ ఉన్నారు. ఒకరోజు టై కట్టుకున్న కుర్రాడొకడు ఫిల్టరు అమ్ముతానంటూ వచ్చాడు. రెండు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లో మా బోరు నీళ్లు, రెండోదాంట్లో తాను తెచ్చిన ఫిల్టరు నీళ్లు పోశాడు. రెండింట్లోనూ ఇనపచువ్వలు దించి స్విచ్చి వేశాడు. చూస్తుండగానే మా నీళ్లు పచ్చబడి, గోధుమరంగు తిరిగి, మడ్డి మడ్డిగా తయారయ్యాయి. వాడి నీళ్లు తేటగానే ఉన్నాయి. "చూశారా మామ్మగారూ, రోజూ మీ కడుపులోకి పోతోంది ఇదే" అన్నాడు. మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మా ఆవిడ బడిలో సైన్సు చెబుతుంది. మాట్లాడకుండా లోపలికెళ్లి చిటికెడు ఉప్పు తెచ్చి వాడి తేటనీళ్లలో వేసి, "ఇప్పుడు స్విచ్చి వెయ్యి బాబూ" అంది. వాడు దిక్కులు చూశాడు. తనే వేసింది. వాడి నీళ్లు మా నీళ్లకంటే తొందరగా మడ్డిగా మారాయి.

"ఆ మడ్డి నీళ్లలోది కాదు నాయనా, నీ చువ్వల తుప్పు. ఉప్పూ లవణాలూ ఉంటే కరెంటు పారుతుంది, చువ్వ కరుగుతుంది. నీ నీళ్లలో అవి లేవు గనక ఊరుకున్నాయి. అంతే."

"మాకు ట్రైనింగులో ఇది చెప్పలేదు మేడం" అన్నాడు వాడు, చువ్వలు గుడ్డతో తుడుచుకుంటూ.

మా అమ్మకి జాలేసింది. ఎండన పడి వచ్చాడు, పిల్లాడికి టీ పెట్టవే అంది. మా ఆవిడ పెట్టిచ్చింది. వాడు ఒక గుక్క తాగి, "టీ భలే ఉంది మేడం" అన్నాడు. ఏ నీళ్లతో పెట్టిందో నేను అడగలేదు.