నా నేపాల్ పాండిత్యం

నేపాల్‌కి బండి మీద వెళ్ళాలని నిర్ణయించుకున్న కొత్తలో నాకు తెలియని సంగతంటూ లేదు. అడిగినవాళ్ళకీ చెప్పాను, అడగనివాళ్ళకీ చెప్పాను. ఆఫీసు క్యాంటీన్‌లో ఎవరైనా పిల్లల్ని తీసుకుని అరకు వెళ్తున్నామంటే చాలు, మధ్యలో దూరిపోయి, "సునౌలీ బోర్డరు దాటాక బుట్వల్ దగ్గర దారి చీలుతుంది. ఒకటి పాల్పా కొండలెక్కి పోఖరాకి, ఒకటి నారాయణ్‌ఘాట్ మీదుగా ఖాట్మండుకి" అని అందుకునేవాణ్ణి. ఆ బుట్వల్ నేను మ్యాపులో తప్ప చూసింది లేదు. అరకు వెళ్ళేవాళ్ళు పాపం వినేవాళ్ళు.

నిజానికి నేపాల్ మీద నాకు ప్రత్యేకమైన ప్రేమేం లేదు. నాక్కావలసింది విదేశం. బండి మీద వెళ్ళగలిగే విదేశం. ముందు భూటాన్ అనుకున్నాను. 2022 సెప్టెంబరులో వాళ్ళు మళ్ళీ గేట్లు తెరిచి, మనవాళ్ళకైనా సరే రాత్రికి 1200 రూపాయల రుసుము పెట్టారు. లెక్క వేసుకుని భూటాన్‌కి ఒక నమస్కారం పెట్టాను. శ్రీలంకకి మధ్యలో సముద్రం. మిగిలినవాటి గురించి ఇంట్లో ఎత్తే ధైర్యం లేదు. అలా నేపాల్ మిగిలింది.

ఇక చదువు మొదలైంది. మామూలు చదువు కాదు. కార్నె అనే పుస్తకం ఒకటుంటుందని తెలిసి దాని వెంట పడ్డాను. బండిని దేశాలు దాటించేవాళ్ళకు ఆటోమొబైల్ సంఘాలు ఇచ్చే కస్టమ్స్ పుస్తకం అది. బండిని అక్కడ అమ్ముకోకుండా తిరిగి తెస్తామని హామీగా ముందు పెద్ద మొత్తమే కట్టాలి. ఒక్కో పేజీ మూడు ముక్కలుగా ఉంటుంది. దేశంలోకి వెళ్ళేటప్పుడు ఒక ముక్క చించుకుంటారు, బయటికి వచ్చేటప్పుడు ఇంకొకటి, మూడోది మన దగ్గరే ఉంటుంది. ఏ దేశానికి కావాలో, ఎంత కట్టాలో, పోతే ఏం చెయ్యాలో అన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. మన బండి నేపాల్ వెళ్ళడానికి కార్నె అక్కర్లేదన్న ముక్క మాత్రం చిట్టచివర్లో తెలిసింది. తెలిశాక కూడా చదవడం మానలేదు. అప్పటికి అందులో పడిపోయాను.

తర్వాత అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్. ఆర్టీఏ ఆఫీసులో ఫారం 4ఎ నింపి, 1000 రూపాయలు కట్టి తెచ్చుకున్నాను. బూడిదరంగు అట్ట, లోపల రకరకాల భాషలు. నేపాల్‌లో మన లైసెన్సే చెల్లుతుంది. ఆ పుస్తకాన్ని ఇప్పటివరకు తెరిచి చూసిన అధికారిని నేనే.

పాస్‌పోర్టు సంగతి ఇంకా ఘోరం. అందులో ఒక్క ముద్రైనా పడాలని నా కోరిక. 1950 నాటి స్నేహ ఒప్పందం పుణ్యమా అని మనకు అక్కడ వీసా అక్కర్లేదు. రోడ్డు మీద బోర్డరు దాటే మనవాళ్ళకు ముద్ర వెయ్యరు. ఈ సంగతి చదివిన రోజున నాకు నిజంగా బాధేసింది. రెండు దేశాల మధ్య స్నేహం మరీ ఎక్కువైపోయిందనిపించింది.

కొన్న సామాను గురించి చెప్పకపోవడమే మేలు. మోచేతులకీ భుజాలకీ అట్టలున్న జాకెట్టు, తడవని గ్లవ్స్, సీటుకు అటూ ఇటూ వేలాడే సంచులు, కొండల్లో ఊపిరాడకపోతే మింగే మాత్రలు. దారిలో పెట్రోలు దొరకదేమోనని రెండు క్యాన్లు. నేపాల్ ఆయిల్ కార్పొరేషన్‌కి సరుకు పంపేది మన ఇండియన్ ఆయిలే. డీజిల్ కోసమైతే 2019లో బీహార్‌లోని మోతిహారి నుంచి అమ్లేఖ్‌గంజ్ దాకా 69 కిలోమీటర్ల పైపులైనే వేశారు. నేను మాత్రం ఆ దేశానికి హైదరాబాద్ నుంచి క్యాన్లలో మోసుకుపోదామనుకున్నాను.

హైదరాబాద్ నుంచి సునౌలీకి దాదాపు 1500 కిలోమీటర్లు. నాగ్‌పూర్, జబల్‌పూర్, రీవా, ప్రయాగ్‌రాజ్, గోరఖ్‌పూర్. అంత దూరానికీ నా ప్లానులో దక్కింది ఒక్క గీత. "మొదటి రోజు జబల్‌పూర్" అని రాసి, పక్కన టిక్కు కూడా పెట్టుకున్నాను. అదొక్కటే ఏడెనిమిది వందల కిలోమీటర్లు. నేనేమో ఉప్పల్ నుంచి ఆఫీసుకు వెళ్ళొచ్చేసరికి నడుం పట్టుకుని కూర్చునే మనిషిని. అది మన దేశమే కదా, అందులో ప్లాను చెయ్యడానికేముందని నా ఉద్దేశం.

నా ఉద్దేశాలకు మొదటి గండి కొట్టింది మా మెకానిక్. చైను బిగించమని, బ్రేకులు చూడమని బండి తీసుకెళ్ళాను. పనిలో పనిగా కార్నె గురించి కూడా చెప్పాను. ఆయన చక్రం తిప్పుకుంటూ అంతా విన్నాడు. నూనె చేతులు గుడ్డకు తుడుచుకుని ఒకే మాట అడిగాడు.

"బండి ఎవరి పేరు మీదుంది సార్?"

"మా నాన్న పేరు మీద."

"మరి సార్‌ రాసిచ్చిండా? మా బామ్మర్ది లారీ తోల్తడు, రక్సౌల్ దాకా పోతడు. ఓనరు లేకుంటే సంతకం కాగితం అడుగుతరంట అక్కడ."

పర్సులోంచి ఆర్సీ కార్డు తీశాను. చిప్పు మీద బంగారు రంగు అరిగిపోయి ఉంది. ఓనరు గడిలో మా నాన్న పేరు, దాని కింద లోను ఇచ్చిన బ్యాంకు పేరు. కంతులు ఎప్పుడో తీరిపోయినా, బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ తెచ్చి, ఫారం 35 మీద ఓనరు సంతకంతో ఆర్టీఏలో ఇస్తే తప్ప ఆ పేరు పోదు. నేను ఇవ్వలేదు. ఊరేగింపుకు బ్యాండుమేళం కూడా మాట్లాడుకుని, పిల్ల తరఫువాళ్ళను అడగడం మర్చిపోయిన పెళ్ళికొడుకులా నిలబడ్డాను.

మర్చిపోయానని ఇప్పుడు రాశాను కదా, అదీ అబద్ధమే. నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా జీతం కాగితాలు చూసి లోను ఇచ్చేవాళ్ళు లేక నాన్న పేరు మీద తీసుకున్నాం. "ఆఫీసుకు వెళ్ళిరావడానికే, ఊళ్ళు తిరగడానికి కాదు" అని చెప్పి మరీ సంతకం చేశాడాయన. నేపాల్ వెళ్ళాలంటే ఖమ్మం ఫోను చేసి, ముప్పై దాటిన వయసులో, "నాన్నా, బండి తీసుకెళ్ళనా?" అని అడగాలి. ఆ ఒక్క ఫోను తప్పించుకోవడానికే ఇంత పాండిత్యం సంపాదించాను. కార్నె గురించి తెలుసుకోవడానికి నాన్న అక్కర్లేదు. జాకెట్టు కొనడానికి అక్కర్లేదు. ఆయన సంతకం అవసరమైన పనులన్నీ పక్కన పెట్టి, అవసరం లేనివన్నీ మహా శ్రద్ధగా పూర్తి చేశాను.

చివరికి ఫోను చేశాను. నాన్న అరవలేదు. అరిస్తే బాగుండేది, నేనూ నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను. కాసేపాగి, "అక్కడ బండికేమన్నా అయితే ఇన్సూరెన్సు వస్తుందట్రా?" అన్నాడు.

పాలసీ కాగితం తీసి చూశాను. బంపర్ టు బంపర్ అని ఎక్కువ డబ్బు కట్టి తీసుకున్న పాలసీ. దాని పరిధి భారతదేశం. బోర్డరు దాటిన మొదటి గజం నుంచి నా బండికి దిక్కులేదు. కొంచెం ప్రీమియం ఎక్కువ కట్టి పరిధి పెంచమంటే ఎండార్స్‌మెంట్ ఇస్తారు. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులు అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. మాల్దీవులకు బండి మీద ఎలా వెళ్తారా అని ఆలోచిస్తూ ఒక సాయంత్రం గడిపాను. నా స్వభావం అంత తొందరగా మారేది కాదు.

ఫోను పెట్టేముందు నాన్న ఇంకో మాటన్నాడు. "అయినా మీ అత్తయ్యని అడక్కపోయావా? ఆవిడ వెళ్ళొచ్చిందిగా."

వెళ్ళొచ్చింది. కరోనాకు ముందు సంవత్సరం, ఖమ్మం నుంచి కాశీ, గయ, అయోధ్య, నేపాల్ యాత్ర బస్సులో. వంటమనిషి, గ్యాసు పొయ్యి, బియ్యం బస్తాలు బస్సులోనే. తిరిగొచ్చి నాకు ప్రసాదమిస్తే, "పులిహోర తింటూ వెళ్ళేది కూడా ప్రయాణమేనా అత్తయ్యా" అని నవ్వాను. నేను దేశదేశాల సమాచారం తవ్వుతున్నంత కాలం, మా ఇంట్లో నేపాల్ చూసిన ఏకైక మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు. బస్సులో వెళ్ళినావిడకి ఏం తెలుస్తుందని.

ఆదివారం ఖమ్మం వెళ్ళాను. అత్తయ్య పప్పుడబ్బాల వెనక నుంచి ఒక నోటుపుస్తకం తీసింది. చాకలి పద్దులు రాసే పొడుగుపాటి పుస్తకం. సగం పేజీల్లో పద్దులే. మిగతా సగంలో యాత్ర. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చదివింది.

"మన వంద వాళ్ళకి నూట అరవై. వందకు పైన మన నోటు తీసుకోరు, అన్నీ వందలే పెట్టుకో. వాచీ పావుగంట ముందుకు తిప్పుకో. ఓటరు కార్డు తీసుకెళ్ళు, ఆధార్ చూపిస్తే మా బస్సులో ఒకాయన్ని వెనక్కి పంపబోయారు. పోఖరా నుంచి పైకి ముక్తినాథ్ దాకా చిన్న బండ్లే. జోమ్‌సోమ్ దగ్గర పొద్దెక్కితే గాలి లేస్తుంది, కళ్ళు తెరవనివ్వదు, పదకొండు లోపే దాటెయ్యాలి."

అప్పటికి ప్రతి మాటా నిజం. 2018 డిసెంబరులో నేపాల్ ప్రభుత్వం వందకు మించిన మన నోట్లు చెల్లవంది. రూపాయికి 1.6 అన్న లెక్క 1993 నుంచీ మారలేదు. జోమ్‌సోమ్ ఉన్న కాళీ గండకి లోయలో మధ్యాహ్నపు గాలి ఊరికే చెప్పుకునేది కాదు. నేనేమో ఖర్చుల కోసం ఐదొందల నోట్ల కట్ట తెచ్చి బీరువాలో పెట్టుకుని ఉన్నాను.

"ఎప్పుడు వెళ్తున్నావురా?"

"జులైలో అత్తయ్యా. సెలవు అప్పుడే దొరికింది."

పుస్తకం మూసేసింది. "ఆషాఢ శ్రావణాల్లో కొండల్లోకి ఎవరు పొమ్మన్నారు నిన్ను? కొండచరియలు విరిగి రోడ్డు మీద పడతాయి. దసరా వెళ్ళనీ. మేం కార్తీకంలో వెళ్ళాం, ఆకాశం అద్దంలా ఉంది."

ఈ సలహా విన్నాను. మరుసటి ఏడాది, 2024 జులై 12 తెల్లవారుజామున, నారాయణ్‌ఘాట్ నుంచి ముగ్లింగ్ వెళ్ళే దారిలో సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు బస్సులు ప్రయాణికులతో సహా త్రిశూలి నదిలోకి కొట్టుకుపోయాయి. నేను జులైకి గీసుకున్న దారి అదే.

అత్తయ్య వెళ్ళొచ్చిన ముక్తినాథ్ గుడి సముద్రమట్టానికి 3700 మీటర్ల పైన ఉంది. వైష్ణవులు సాలగ్రామం పేరుతో నూటెనిమిది దివ్యదేశాల్లో ఒకటిగా కొలిచే చోటు. గుడి వెనక గోడకు నూటెనిమిది ధారలు, మంచు నీళ్ళు. అత్తయ్య అరవై దాటాక, మోకాళ్ళ నొప్పులతో, తడిచీరతో ఆ నూటెనిమిది ధారల కిందా నడిచొచ్చింది. "చలెయ్యలేదా?" అంటే "వేసింది. స్నానం చేసి పొడిచీర కట్టుకున్నాను" అంది. నా జాకెట్టు ధర ఆవిడకు చెప్పలేదు.

దసరా, వాళ్ళ దశైన్ అయ్యాక వెళ్ళాను. నాన్న వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించి, నోటరీ చేయించి, కింద తెలుగులో సంతకం పెట్టి ఇచ్చాడు. జబల్‌పూర్ మొదటి రోజు చేరలేదు. నాగ్‌పూర్‌లోనే దిగబడి, మంచం మీద బోర్లా పడుకుని, నడుముకు బామ్ రాసుకున్నాను. సునౌలీలో అవతలి గేటు దాటాక భన్సార్ అనే కస్టమ్స్ కౌంటర్లో ఆర్సీ, నాన్న కాగితం, లైసెన్సు చూశారు. ఎన్ని రోజులుంటావన్నారు, రోజుల లెక్కన డబ్బు కట్టించుకున్నారు, చీటీ ఇచ్చారు. అంతే. పర్మిట్ పుస్తకం చేత్తో పట్టుకుని నిలబడ్డాను, ఎవరూ అడగలేదు. విదేశంలో మొదట తిన్నది సమోసా. ఇవ్వడానికి అత్తయ్య చెప్పినట్టే అన్నీ వందనోట్లే ఉన్నాయి.

తిరిగొచ్చాక ఆఫీసులో ఇద్దరు కుర్రాళ్ళు తామూ వెళ్తామని వివరాలడిగారు. అత్తయ్య పుస్తకంలోని పేజీలు నా ఫోనులో ఫోటోలు తీసి ఉన్నాయి. కూర్చుని వరసగా టైపు చేశాను. వందనోట్లు, ఓటరు కార్డు, జోమ్‌సోమ్ గాలి, కార్తీక మాసం. పైన మెకానిక్ మాట కలిపాను, 'ముందు ఆర్సీ ఎవరి పేరు మీదుందో చూసుకోండి' అని. దానికి 'నేపాల్ బైక్ యాత్ర: నా సూచనలు' అని పేరు పెట్టి పంపాను. ఎంత అనుభవం ఉంటే ఇంత వివరంగా రాస్తారు సార్ అని వాళ్ళలో ఒకడు జవాబు పెట్టాడు. థాంక్స్ అన్నాను.