పది నిమిషాల్లో వెబ్‌సైట్, ఫోనెత్తేవాడు మాత్రం లేడు

కోడింగ్ ఒక్క ముక్క రాకపోయినా పది నిమిషాల్లో మీ వ్యాపారానికి వెబ్‌సైట్ రెడీ అని రీల్స్‌లో కుర్రాళ్లు ఊదరగొడుతున్నారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. నిజం కాబట్టే వచ్చిందీ చిక్కంతా. అందుకు కావలసిన సరుక్కీ కొదవ లేదు. సైట్లు కట్టుకునే సాఫ్ట్‌వేర్ అమ్మే జోహోకు మన రేణిగుంటలోనే ఆఫీసుంది.

తిరుపతి బస్టాండు దగ్గర ట్రావెల్స్ నడిపే ఆసామిని ఎవరినైనా తీసుకోండి. మేనల్లుడొచ్చి, "ఏముంది మామా, లాగి వదలడమే" అని ల్యాప్‌టాప్ తెరుస్తాడు. మొదటి పేజీలో సూటు బూట్ల తెల్లదొరలు అద్దాల మేడ ముందు చేతులు కలుపుతుంటారు. మామ ఆఫీసంటే ఒక టేబులు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకో స్వామి క్యాలెండరు. కిందికి జరిపితే 'మా బృందం'. అందులో నలుగురున్నారు, నలుగురూ ఏ దేశస్థులో. ఇంకా కిందికి పోతే లాటిన్‌లో నాలుగు లైన్లు. అది నమూనాకు పెట్టిన అర్థం లేని రాత, చెరిపేసి మన సంగతి రాసుకోవాలి. మామ మాత్రం మంచి ఇంగ్లీషే పడిందని మురిసిపోయాడు.

కొండపైకి కారు ఎంత? కాణిపాకం, శ్రీకాళహస్తి కూడా కలిపితే ఎంత? రాత్రి పదకొండుకు రేణిగుంటలో రైలు దిగితే ఎవరొస్తారు? యాత్రికుడికి కావలసినవి ఇవే. వీటికి సైటులో జవాబు లేదు, 'మమ్మల్ని సంప్రదించండి' అని ఒక ఫారం ఉంది. నింపితే అది మేనల్లుడి జీమెయిలుకు పోతుంది. మేనల్లుడు బెంగళూరుకు పోయాడు.

శ్రీకాళహస్తి కలంకారీ కథ ఇంకా ఘోరం. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము నీళ్లలో వారాల తరబడి ఊరితే గానీ నల్లరంగు, అదే కసిం, తయారు కాదు. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టాలి, ఎండబెట్టాలి, కలంతో గీయాలి, పటిక పెట్టి ఉడకబెట్టాలి, పారే నీళ్లలో జాడించాలి. ఇంత చేసిన చీరా, అచ్చేసిన చీరా ఫోన్ తెరమీద అక్కచెల్లెళ్లలా ఉంటాయి. తేడా చెప్పడానికి కోడింగ్ ఎందుకు, నాలుగు తెలుగు వాక్యాలు చాలు. ఆ నాలుగు వాక్యాలు రాసేవాడికి మాత్రం ఎవరూ రూపాయి ఇవ్వరు. టెంప్లేట్ వాడిచ్చిన 'ప్రేమతో చేతితో చేసినది' అన్న మాటే అచ్చు చీర కిందా పడుతుంది.

పోనీ, కట్టుకున్న సైటైనా మనదా? 2017లో గూగుల్ చిన్న వ్యాపారులకు ఉచితంగా సైట్లు పంచింది. 2024 మార్చిలో అన్నిటినీ ఒకేసారి మూసేసింది. జూన్ 10 దాకా పాత అడ్రసు కొట్టినవాళ్లను వేరే పేజీకి పంపి, ఆ తర్వాత అదీ ఆపేసింది. ఆ అడ్రసు అచ్చేసిన విజిటింగ్ కార్డుల కట్టలు మాత్రం సొరుగుల్లో అట్లే ఉన్నాయి.

ఈ పది నిమిషాల విద్యను మా ప్రాంతంలో సరిగ్గా ఒంటబట్టించుకున్నది శ్రీవారి పేరుతో నకిలీ సైట్లు పెట్టేవాళ్లు. 2023 ఏప్రిల్‌లో టీటీడీ ఫిర్యాదు మీద తిరుమల పోలీసుల కేసుకెక్కిన సైటు 41వది. అసలు అడ్రసులో చుక్కలున్నచోట అడ్డగీతలు పెట్టి, చివరి ముక్క మార్చారు, అంతే. కోడింగ్ వచ్చా రాదా అని వాళ్లను ఎవరడిగారు? భక్తుడికి దర్శనం కావాలి, గది కావాలి, రేటు తెలియాలి. మన ట్రావెల్స్ మామకు తట్టనిది దొంగకు తట్టింది. సైటు పెట్టడం ఖర్చుతో కూడిన పనైనప్పుడు, పెట్టినవాడు రేపు కూడా ఇక్కడే ఉంటాడులే అని చిన్న ధీమా ఉండేది. దాన్ని పది నిమిషాలకు దించాక ఆ ధీమా కూడా పది నిమిషాలదే అయింది.

రీల్స్ కుర్రాళ్లకు నాదొక సవాలు. పుత్తూరు పోండి. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలతో విరిగిన ఎముకకు కట్టే కట్టు కోసం తమిళనాడు నుంచి కూడా జనం వస్తారు. నిన్న కట్టించుకున్నవాడు చెబితే నేడు విరిగినవాడు వస్తాడు. అక్కడ ఒక్క సైటు అమ్మి చూపించండి. కాకపోతే మీ టెంప్లేట్‌లో 'ముందు ఉచితంగా ప్రయత్నించి చూడండి' అని ఒక బటన్ ఉంటుంది, దాన్ని తీసేయడం మరచిపోకండి.