పేర్లు తీసేశాం, నిశ్చింతగా పడుకోండి!

మన రోగాలూ జీతాలూ మూటగట్టి పరిశోధకులకో కంపెనీలకో అప్పగించేవాళ్లందరిదీ ఒకే పాట: "పేర్లు తీసేశామండీ, మీకేం భయం లేదు." పాపం, ఎంత కష్టపడ్డారో! ఎక్సెల్ షీటులో ఒక కాలమ్ డిలీట్ కొట్టారు. నేమ్‌ప్లేటు పీకేస్తే ఇల్లే మాయమైపోతుందని వాళ్ల నమ్మకం.

ఈ ఘనకార్యం 1990ల్లోనే అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం చేసింది. ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి రికార్డుల్లో పేర్లూ చిరునామాలూ కొట్టేసి, పుట్టినతేదీ, ఆడా మగా, జిప్ కోడ్ (అక్కడి పిన్ కోడ్) మాత్రం అలాగే ఉంచి పరిశోధకులకు ఇచ్చింది. గుట్టుకు ఢోకా లేదని గవర్నర్ విలియం వెల్డ్ గారు హామీ కూడా ఇచ్చారు. లతాన్యా స్వీనీ అనే ఎంఐటీ విద్యార్థిని ఆ హామీని ఆయన మీదే పరీక్షించింది. ఆయన ఉండే కేంబ్రిడ్జ్ ఓటర్ల జాబితాను 20 డాలర్లకు కొన్నది. గవర్నర్ పుట్టినతేదీ ఉన్నవాళ్లు అందులో ఆరుగురు, వాళ్లలో మగవాళ్లు ముగ్గురు, ఆయన జిప్ కోడ్‌లో ఉన్నది ఒక్కరే. ఇంకేముంది, దొరగారి రోగమేమిటో, మందులేమిటో తేలిపోయాయి. మర్యాదస్తురాలు కనక ఆ కాగితాలు ఆయన ఆఫీసుకే పంపింది. పుట్టినతేదీ, ఆడా మగా, జిప్ కోడ్, ఈ మూడూ చాలు, 87 శాతం అమెరికన్లను విడిగా పట్టేయొచ్చని తర్వాత లెక్క కూడా కట్టింది.

మనవాళ్లు మరీ నిజాయితీపరులు, ఆ నటన కూడా పెట్టుకోలేదు. ఆంధ్రప్రదేశ్ ఉపాధి హామీ, చంద్రన్న బీమా సైట్లలో ఆధార్ నెంబర్లు బాహాటంగా కనిపిస్తున్నాయని 2017లో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థ బయటపెట్టింది. పేర్లు తీసినా ఒరిగేదేముంది? "ఫలానా ఊరు, 43 ఏళ్లు, వితంతు పింఛను, డయాలసిస్" అని ఒక్క వరస చదవండి. ఆ ఊళ్లో గోళీలాడుకునే కుర్రాడైనా చెయ్యి పట్టుకుని ఆవిడ గుమ్మం దాకా తీసుకెళ్తాడు.

పేర్లు తీసేసిన డేటాలో మళ్లీ మనుషుల్ని వెతికి పట్టుకుంటే మూడేళ్ల దాకా జైలని మన వ్యక్తిగత డేటా రక్షణ 2019 బిల్లులో ఒక సెక్షన్ ఉండేది. 2023లో చట్టం వచ్చేసరికి అది లేదు. దాని పేరు కూడా తీసేసి ఎక్కడైనా భద్రంగా దాచారేమో!

అంకెల్లో లెక్కప్రకారం కాస్త తేడా కలిపి, ఏ ఒక్కరూ దొరక్కుండా చేసే గణితం 2006 నుంచీ ఉంది. అమెరికా 2020 జనాభా లెక్కలకు వాడింది. కాకపోతే దానికి బుర్ర కావాలి, డబ్బు కావాలి. డిలీట్ బటన్ ఉచితం.

ఈసారి ఎవరైనా "పేర్లు తీసేశాం" అంటే సంతోషించకండి. ఏం మిగిల్చారో చూపించమనండి.