తూటాలో మందుని, నా కథ

నేను పొగరాని తుపాకి మందుని. 1884లో ఫ్రాన్సులో పాల్ వియేల్ తయారుచేసిన నైట్రోసెల్యులోజ్ మందు మా వంశానికి మూలం. ఇప్పుడు నేనుంటున్నది అమెరికాలోని అరిజోనాలో, ఇంట్లో తూటాలు నింపుకునేవాళ్ల బల్ల మీద. కాల్చిన ఇత్తడి గుల్లకు నన్ను రాజేసే కొత్త ప్రైమర్ బిగించి, త్రాసులో నన్ను తూచి పోసి, పైన గుండు కూరుస్తారు. గ్రెయిన్ అనే చిన్న తూనికలో పదో వంతు తేడా వచ్చినా తూకం మళ్లీ మొదలుపెట్టే ఈ జాగ్రత్తపరులు నా ఒంటి వేడిని మాత్రం తరచుగా వదిలేస్తారు. ఆ వేడి కూడా నా కొలతలో భాగమేనని నేనంటాను. అక్కడి పరిశ్రమ ప్రమాణాల ప్రకారం, పీడనం కొలిచే ముందు తూటాలను 70 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 21 సెల్సియస్ దగ్గర ఉంచుతారు. జూలై ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద పడి ఉన్న తూటాకు ఆ లెక్క అలాగే వర్తిస్తుందా?

నేను పైపొర నుంచి లోపలికి మండుతాను. ఎండలో ఉంచిన కట్టె తొందరగా అంటుకున్నట్టే, ముందే వేడెక్కిన నేను వేగంగా మండుతాను. దాంతో వాయువు త్వరగా పుడుతుంది, పీడనం పెరుగుతుంది, పెరిగిన పీడనం నా మంటను ఇంకా వేగిరపరుస్తుంది. అందుకే గుండు వేగం కాస్తే పెరిగినా పీడనం అంతకు మించిన పాళ్లలో పెరుగుతుంది. చలికాలంలో గరిష్ఠ హద్దు దాకా నింపిన తూటాను వేసవిలో కాలిస్తే బోల్ట్ పిడి బిగుసుకోవచ్చు. ప్రైమర్ అంచుల గుండ్రదనం పోయి చదును కావచ్చు, గుల్ల అడుగున దాన్ని బయటికి నెట్టే ఎజెక్టర్ ముద్ర మెరుస్తూ కనిపించవచ్చు. ఈ గుర్తులేవీ లేనంత మాత్రాన పీడనం హద్దులో ఉందనుకోవడానికీ లేదు.

వేడికి చలించని మందులు వచ్చాయి కదా అంటారు. నిజమే, ఆస్ట్రేలియాలోని ముల్వాలాలో తయారయ్యే మా దాయాదులకు ఆ పేరుంది. అయితే వాళ్లలోనూ మార్పు తగ్గిందే తప్ప పూర్తిగా పోలేదు. పైగా తూటా రకం, ప్రైమర్, గుండు బరువు మారితే ఫలితమూ మారుతుంది. చల్లని రోజున కాలిస్తే సరిపోతుందన్న వాదన ఇంకా బలహీనం, ఎందుకంటే లెక్కకొచ్చేది గాలి వేడి కాదు, నా వేడి. వరసగా కాల్చి కాగిపోయిన చాంబర్‌లో తూటాను అలాగే వదిలేస్తే మంచు కురుస్తున్నా నేను వేడెక్కుతాను. మరి వేసవిలోనే కొలత తేల్చుకుంటే? అది మంచి పద్ధతి, పీడనం వైపు నుంచి భద్రం. చలిలో వేగం తగ్గి దూరపు గురికి గుండు కిందుగా తగులుతుంది. ఆ వేగపు తేడాను చలిరోజున క్రోనోగ్రాఫ్‌తో కొలిచి స్కోపులో సవరించుకోవాలి, అంతేగానీ నన్ను ఇంకొంచెం ఎక్కువ పోయకూడదు.